సందేహం: 1930ల అమెరికా ఫోటోలు ఒరిజినల్‌గా ఎక్కడ దొరుకుతాయి?

ప్రశ్న: నమస్కారం. బీఎఫ్‌ఏ ఫైనల్ ఇయర్ సెమినార్ కోసం అమెరికా ఫోటోగ్రాఫర్ డొరొతియా లాంగ్ తీసిన ‘మైగ్రంట్ మదర్’ (వలస కూలీ తల్లి) ఫోటో కావాలి. ఓ ఫోటోలు అమ్మే సైట్‌లో 1,800 రూపాయలు కట్టాను. తీరా చూస్తే అంచులు కత్తిరించిన కాపీ. ఎవరైనా దారి చూపండి.

జవాబు: అయ్యో, ఆ డబ్బు దండగే అండీ. ఆ ఫోటో లాంగ్ ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా, 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర తీసింది. అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ప్రింట్స్ అండ్ ఫోటోగ్రాఫ్స్ విభాగానికి వెళ్లండి. నాణ్యత తగ్గని పెద్ద టిఫ్ ఫైలే ఉచితంగా దిగుతుంది.

దించుకుని ఊరుకోకండి, కింద రాసిన వివరాలు చదవండి. అసలు క్యాప్షన్‌లో ‘మైగ్రంట్ మదర్’ అన్న మాటే లేదు. దిక్కులేని బఠానీ కోత కూలీలు, ఏడుగురు పిల్లల తల్లి, వయసు 32 అని ఉంటుంది. ఆమె పేరు కూడా లేదు. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1970ల్లోనే. అక్కడే రీటచ్‌కి ముందు వేసిన ప్రింటు కూడా ఉంది. కుడివైపు కింద మూల జూమ్ చేయండి, డేరా గుంజను పట్టుకున్న బొటనవేలు కనిపిస్తుంది. తర్వాత లాంగ్ దాన్ని చెరిపించింది. సెమినార్‌కి నా లెక్కలో ఈ వేలు ఒక్కటి చాలు.

ప్రశ్న: వేలు దొరికిందండీ! థాంక్స్. వేరే ఫోటోలు చూస్తుంటే కొన్నింటి మధ్యలో నల్లటి గుండ్రటి మచ్చ ఉంది. స్కాన్ పాడైందా?

జవాబు: పాడవలేదు. లాంగ్ పనిచేసిన ప్రభుత్వ ఫోటో ప్రాజెక్టును నడిపిన రాయ్ స్ట్రైకర్ వద్దనుకున్న నెగెటివ్‌లకు పంచ్‌తో కన్నం కొట్టించేవాడు. ఆ కన్నమే పాజిటివ్‌లో, అంటే మనం చూసే ఫోటోలో, నల్లగా పడుతుంది. వాటిలో చాలావాటికి సొంత క్యాప్షన్ ఉండదు కాబట్టి పేరుతో వెతికితే తేలిగ్గా చిక్కవు. ఏదైనా ఫోటో పేజీలో కాల్ నంబర్ (లైబ్రరీ ఇచ్చే వరుస సంఖ్య) ప్రకారం పక్కనున్నవి చూపించే లింకు ఉంటుంది, దాన్ని నొక్కండి. నేనైతే రాత్రిళ్లు అక్కడే కూర్చుండిపోతాను.

మరొకరు: పాత భవనాల కొలతల డ్రాయింగులు కావాలన్నా అదే సైటండీ. 1933లో మొదలైన హిస్టారిక్ అమెరికన్ బిల్డింగ్స్ సర్వే అని కొట్టండి. తెలుగులో కాదు, ఇంగ్లీషు అక్షరాల్లోనే.

ప్రశ్న: వాడుకోవడానికి పర్మిషన్ అడగాలా?

జవాబు: ఫోటో పేజీలో రైట్స్ అన్న లైను చూడండి. ఈ ప్రభుత్వ ఫోటోలకు మామూలుగా ఆంక్షలు లేవనే ఉంటుంది. ఫోటోగ్రాఫర్ పేరు, లైబ్రరీ పేరు, నెగెటివ్ నంబరు మాత్రం తప్పకుండా వేయండి.