వాల్యూమ్ 100లో పెట్టినా ల్యాప్‌టాప్‌లో డైలాగులు వినపడట్లేదు. బూస్టర్ వేయొచ్చా?

ప్రశ్న: విండోస్ 11 ల్యాప్‌టాప్. సినిమాలో ఫైట్లు, పాటలు బానే వినపడతాయి, మాటలు మాత్రం గొణిగినట్టుంటాయి. వీఎల్‌సీలో 125 శాతానికి పెంచితే కుడివైపు స్పీకర్ బర్రుమంటోంది. బూస్టర్ సాఫ్ట్‌వేర్ వేయాలా, స్పీకర్లే మార్చాలా?

జవాబు 1: బూస్టర్ జోలికి వెళ్లకండి. ఫైట్ల దగ్గర సిగ్నల్ ఇప్పటికే గరిష్ఠ స్థాయిలో ఉంటుంది. ఇంకా పెంచితే అలల కొసలు తెగిపోయి గరగర మొదలవుతుంది. మీకు కావలసింది మాటలకూ ఫైట్లకూ మధ్య తేడా తగ్గడం. సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్‌లోకి వెళ్లి, అట్టడుగున మోర్ సౌండ్ సెట్టింగ్స్ తెరవండి. స్పీకర్స్ మీద డబుల్ క్లిక్ చేసి, ఎన్‌హాన్స్‌మెంట్స్ ట్యాబ్‌లో లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్‌కి టిక్ పెట్టండి. పాటలు వినేటప్పుడు తీసేయండి, లేకపోతే అంతా చదునుగా వినపడుతుంది.

ఆ ట్యాబే లేకపోతే డివైస్ మేనేజర్‌లో ఆడియో డ్రైవర్‌ని మైక్రోసాఫ్ట్ వాళ్ల హై డెఫినిషన్ ఆడియో డివైస్‌కి మార్చి చూడొచ్చు. కాకపోతే తయారీదారు ఆ స్పీకర్లకి చేసిన ట్యూనింగ్ పోయి సౌండ్ ఇంకా పల్చబడొచ్చు. అప్పుడు రోల్ బ్యాక్ చేసి పాత డ్రైవర్‌నే తెచ్చుకోండి.

ఇంకోటి, ఫైల్‌లో 5.1 (ఆరు ఛానెళ్ల) ట్రాక్‌తో పాటు స్టీరియో (రెండు ఛానెళ్ల) ట్రాక్ కూడా ఉంటే స్టీరియోనే ఎంచుకోండి. 5.1లో మాటలు ఎక్కువగా సెంటర్ ఛానెల్‌లో ఉంటాయి. రెండు స్పీకర్లకి కుదించేటప్పుడు అవే వెనకబడతాయి.

జవాబు 2: పై సలహాకి ముందు ఆ బర్రు సంగతి తేల్చుకోండి. బ్యాలెన్స్‌ని పూర్తిగా కుడికి తిప్పి, వాల్యూమ్ 50లో ఉంచి, 100 నుంచి 1000 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే టెస్ట్ టోన్ పెట్టండి. ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గరే అదిరి, అరచేత్తో బాడీ నొక్కితే ఆగిపోతే తప్పు స్పీకర్‌ది కాదు. అడుగు స్క్రూ వదులైంది, లేదా ప్యానెల్ క్లిప్ ఊడింది. తక్కువ వాల్యూమ్‌లో కూడా బేస్ అంతటా గీరినట్టుంటే స్పీకర్‌లో కదిలి సౌండ్ పుట్టించే కోన్ చిరిగిందనో, దాన్ని కదిలించే తీగచుట్ట (కాయిల్) రాసుకుంటోందనో అనుకోవచ్చు. అప్పుడు మార్చాల్సిందే.

మార్చేటప్పుడు ముందు బ్యాటరీ కనెక్టర్ తీయండి. వైర్లు పట్టుకుని లాగొద్దు. స్క్రూ రంధ్రాల్లో ఉండే చిన్న రబ్బరు బుష్‌లు పాతవాటి నుంచి తీసి కొత్తవాటికి తొడగండి. చాలామంది మర్చిపోయేది ఇదే, కొత్త స్పీకర్ కూడా అదరడానికి కారణమూ ఇదే. ఓమ్‌లు, వాట్లు పాతదానితో సరిపోవాలి. పైగా కొత్తవి వేస్తే బర్రు పోతుందే తప్ప సౌండ్ పెరగదు.

జవాబు 3: బేస్ తగ్గించండి, మాటలు తేటపడతాయి. అంతే సౌండ్ రావాలంటే ఫ్రీక్వెన్సీ సగమైనప్పుడల్లా కోన్ నాలుగింతలు కదలాలి. గోరంత స్పీకర్‌కి అంత చోటెక్కడిది! ఈక్వలైజర్ ఏపీఓ అనే సౌండ్ సర్దుబాటు సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో 180 హెర్ట్జ్ దగ్గర హై పాస్ (అంతకన్నా కింది బేస్‌ని తగ్గించే ఫిల్టర్), 3000 హెర్ట్జ్ దగ్గర 4 డెసిబెల్స్ పెంపు, ప్రీయాంప్ (మొత్తం సిగ్నల్ స్థాయి) మైనస్ 4 డెసిబెల్స్ పెట్టండి. ప్రీయాంప్ తగ్గించకపోతే మళ్లీ గరగరే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు స్పీకర్‌కి మాత్రమే టిక్ పెట్టి, రీస్టార్ట్ చేయండి.

ప్రశ్న వేసినవారు: నొక్కితే ఆగుతోంది, స్క్రూ చూస్తాను. ఇదంతా ఎందుకు, బ్లూటూత్ స్పీకర్ కొంటే సరిపోదా?

జవాబు 3: సినిమాలకి సరిపోతుంది. వీడియో కాల్స్‌లో మాత్రం దాని మైక్ ఆన్ అవగానే మామూలుగా హ్యాండ్స్‌ఫ్రీ మోడ్‌లోకి పోయి, పాత ఫోన్‌లో విన్నట్టు మోనోలో వస్తుంది. కాల్ యాప్‌లో మైక్‌గా ల్యాప్‌టాప్‌దే ఎంచుకోండి.