ఎనిమిది వారాలు లాగరింగ్ (చల్లగా నిల్వ ఉంచడం) చేసిన బీరుకు సీసాల్లో గ్యాస్ పట్టడం లేదు

న్యూజెర్సీలో ఉంటాను. ఇంట్లో కాచిన పేల్ లాగర్ (చల్లగా పులియబెట్టే లేత రంగు బీరు) ఇది, 19 లీటర్లు. పిల్స్‌నర్ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), సాజ్ హాప్స్ (చేదు, వాసన ఇచ్చే పువ్వులు), డబ్ల్యూ-34/70 అనే లాగర్ డ్రై ఈస్ట్ రెండు ప్యాకెట్లు. గ్రావిటీ (నీటితో పోలిస్తే సాంద్రత, చక్కెర ఎంత ఉందో చెప్పేది) మొదట 1.048, చివరికి 1.010. 12 డిగ్రీల్లో రెండు వారాలు పులిసింది. వెన్న వాసన రాకుండా 17 డిగ్రీల్లో మూడు రోజులు ఉంచి, తర్వాత ఫ్రిజ్‌లో 1 డిగ్రీ దగ్గర ఎనిమిది వారాలు వదిలేశాను. గంధకం వాసన పూర్తిగా పోయింది. అక్కడిదాకా అంతా బాగానే ఉంది.

సీసాల్లో ఈస్ట్ గ్యాస్ పుట్టించడానికని 120 గ్రాముల చక్కెర నీళ్ళలో మరిగించి, చల్లార్చి, బీరులో కలిపి 355 మి.లీ. సీసాల్లో పోశాను. 20 డిగ్రీల గదిలో పెట్టి ఇవాళ్టికి 23 రోజులు. 7, 14, 21 రోజులకు ఒక్కోటి తీసి చూశాను. మూత తీస్తే చిన్న ‘స్స్’ మాత్రమే. గ్లాసులో పోస్తే అంచు చుట్టూ నాలుగు బుడగలు లేచి పోతున్నాయి. రుచిలో కొద్దిగా తీపి తెలుస్తోంది, అంటే చక్కెర అలాగే ఉందన్నమాట. సీసా అడుగున ఈస్ట్ పొర దాదాపు లేదు.

సీసాలు తలకిందులు చేసి తిప్పాను, వారం నుంచి 23 డిగ్రీల్లో ఉంచాను. మార్పు లేదు. మూతలు గట్టిగానే ఉన్నాయి, నీళ్ళలో ముంచి చూశాను, ఎక్కడా లీకు లేదు. చక్కెర మళ్ళీ వేస్తే సీసాలు పగులుతాయని భయం, ఆ పని చేయను.

ఇలాంటప్పుడు ఒక్కో సీసా తెరిచి కాస్త డ్రై ఈస్ట్ వేసి మళ్ళీ మూత బిగించడం మంచిదా, లేక ఇంకో మూడు వారాలు ఆగితే తనంతట తనే గ్యాస్ పడుతుందా?