ఇసుకలో తిప్పే 1/10 రిమోట్ కంట్రోల్ (ఆర్‌సీ) ట్రక్‌కి ఏ బ్రష్‌లెస్ మోటార్ వేయమంటారు?

మధురవాడ_ఆర్‌సీ:
నాది 1/10 (అసలు బండిలో పదో వంతు సైజు) ఫోర్ వీల్ డ్రైవ్ షార్ట్ కోర్స్ ట్రక్, బ్యాటరీతో కలిపి రెండు కేజీల పైనే తూగుతుంది. బండితో వచ్చిన బ్రష్డ్ (కార్బన్ బ్రష్‌లతో నడిచే) మోటార్ పని అయిపోయింది. రుషికొండ వైపు ఇసుకలో, లేకపోతే మా వెనకాల ఖాళీ లేఅవుట్‌లో తిప్పుతుంటాను. షాపులో 3650 సైజు, 4300 కేవీ తీసుకోమన్నారు, ఫ్రెండ్ 3660 అంటాడు, ఇంకొకరేమో సెన్సార్డ్ (రోటర్, అంటే లోపల తిరిగే భాగం, ఎక్కడుందో చెప్పే సెన్సార్ ఉన్నది) కాకపోతే డబ్బులు దండగ అంటున్నారు. ఇప్పుడు 2ఎస్ (రెండు సెల్స్) లైపో బ్యాటరీలు ఉన్నాయి, తర్వాత 3ఎస్ (మూడు సెల్స్) కొందామని ఉంది.

లైపో_మావ:
తమ్ముడూ, కేవీ ఎక్కువుంటే బలం ఎక్కువని కాదు. లోడ్ లేనప్పుడు ఒక్కో వోల్ట్‌కి నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే లెక్క, అంతే. ఫుల్ ఛార్జ్ 3ఎస్ అంటే 12.6 వోల్ట్‌లు, దానికి 4300 కేవీ తగిలిస్తే 54 వేల ఆర్‌పీఎం దాటుతుంది, నీ బండికి అంత దేనికి? పొడి ఇసుకలో టైర్లు కూరుకుపోయి మోటార్ విపరీతంగా కరెంట్ లాగుతుంది, కరెంట్ రెట్టింపైతే వైండింగ్‌లో వేడి నాలుగింతలవుతుంది. నేనైతే 3660, 3200 చుట్టుపక్కల కేవీ వేస్తా, స్పీడ్ కావాలంటే 3ఎస్ పెట్టుకుంటా. 36 వ్యాసం, 60 పొడవు, రెండూ మిల్లీమీటర్లే. ఆ అదనపు 10 మిల్లీమీటర్లకి ఛాసిస్‌లో చోటుందో లేదో స్కేల్ పెట్టి చూసుకో. షాఫ్ట్ మందం కూడా చూడు, 3.17 మిల్లీమీటర్లు ఉంటుంది, కొన్నిటికి 5 ఉంటుంది, పాత పినియన్ (షాఫ్ట్‌కి తగిలించే చిన్న పళ్ల చక్రం) ఎక్కకపోవచ్చు.

సీతమ్మధార_చక్రం:
మావ చెప్పింది కరెక్టే, సెన్సార్ గోల ఒకటి మిగిలింది. రాళ్ల మీద పాకించే క్రాలర్‌కైతే సెన్సార్డ్ వేసుకో, ఎందుకంటే సెన్సార్‌లెస్‌లో బండి ఆగి ఉన్నప్పుడు రోటర్ ఎక్కడుందో ఈఎస్‌సీకి (మోటార్ స్పీడ్ కంట్రోలర్‌కి) తెలియదు, కదిలేటప్పుడు గిజగిజమంటుంది, కాగింగ్ అనేది అదే. స్పీడ్ అందుకున్నాక పెద్ద తేడా ఉండదు. నీ వాడకానికి సెన్సార్‌లెస్ చాలు, తడి ఇసుకలో ఆ సన్నటి సెన్సార్ వైరు కనెక్టర్ ఒక తలనొప్పి.

మధురవాడ_ఆర్‌సీ:
థాంక్స్ ఇద్దరికీ. పాత ఈఎస్‌సీ పనికొస్తుందా? ఎర్రమట్టి దిబ్బల దగ్గర తిప్పినవాళ్లెవరైనా ఉన్నారా?

లైపో_మావ:
బ్రష్డ్ ఈఎస్‌సీతో బ్రష్‌లెస్ తిరగదు, దీనికి మూడు వైర్లు. 3ఎస్ తట్టుకునేది, 120 ఆంప్స్ రకం తీసుకో, లైపో కటాఫ్ (బ్యాటరీ మరీ ఖాళీ కాకుండా ఆపేది) ఆన్ చేసి పెట్టు. దిబ్బల మీదికి మాత్రం తీసుకెళ్లకు, అది రక్షిత భూవారసత్వ స్థలం, ఆ మట్టి ఊరికే కోసుకుపోతుంది కూడా.

సీతమ్మధార_చక్రం:
బీచ్‌కి వెళ్లే రోజు పినియన్‌లో ఒకటి రెండు పళ్లు తగ్గించు. కాసేపు తిప్పాక టెంపరేచర్ గన్‌తో మోటార్ డబ్బా మీద చూడు, 80 డిగ్రీల దగ్గరికొస్తే ఆపెయ్, అంతకు మించితే మ్యాగ్నెట్ల బలం తగ్గిపోవచ్చు. ఇంటికి రాగానే ఇసుక దులిపి బేరింగ్‌లకి చుక్క ఆయిల్ వెయ్, మన ఉప్పు గాలికి వారంలోనే కీచుమంటాయి.