అప్‌డేట్: వడగాలుల నుంచి పెరటి అంజూర చెట్టును కాపాడుకోవడం

నల్లగొండలోని మా పెరటి అంజూర చెట్టుకు ఏప్రిల్ వడగాలులకు లేత ఆకుల అంచులు మాడి, పడమటి వైపు బెరడు పగుళ్లు బారుతోందని, చలి దేశాల వారు గడ్డకట్టే మంచు పడే రాత్రి చెట్టుకు దుప్పటి కప్పినట్లు దీనినీ కప్పవచ్చునా అని ఇదివరకు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

ఆ దుప్పటి నేలలోని వేడిని చెట్టు దగ్గర నిలుపుతుంది. మనకు కావలసినది దానికి సరిగ్గా విరుద్ధం. అందుకే చెట్టును చుట్టకుండా, 50 శాతం షేడ్‌నెట్‌ను (ఎండను సగం ఆపే నీడ వలను) పడమటి వైపు మాత్రమే గుంజలకు కట్టి, మిగతా వైపులు గాలి ఆడేందుకు వదిలాము.

అన్నిటికంటే ఎక్కువ మేలు చేసినది సున్నమే. రాతి సున్నాన్ని రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొద్దిగా తుమ్మబంక కలిపి మొదలు నుంచి మొదటి కొమ్మల దాకా కుంచెతో పూశాము. మధ్యాహ్నం మూడు గంటలకు పూత ఉన్న కాండాన్ని తాకితే గోరువెచ్చగా ఉంటోంది, పూత లేని కొమ్మ చురుక్కుమంటోంది. పగుళ్లు ఆ తరువాత పెరగలేదు.

చెట్టు మొదలు చుట్టూ వరిగడ్డి పరిచాము. అయితే మా ఎర్రనేలలో చెదల బెడద ఎక్కువ కనుక గడ్డి కాండానికి తగలకుండా జానెడు ఎడం ఉంచాము. నీళ్లు సాయంత్రమే పోస్తున్నాము.

మాడిన కొమ్మలను తొలకరి పడ్డాకే కత్తిరించాలని నిర్ణయించాము. అంజూర కొత్త చిగుళ్ల మీద కూడా కాయలు వేస్తుంది కనుక ఈ నష్టం శాశ్వతం కాదు. కోసేటప్పుడు కారే పాలు చర్మానికి దురద పుట్టిస్తాయి కాబట్టి చేతి తొడుగులు తప్పనిసరి.