దుబాయ్ పాతకాపులూ, అప్పట్లో ఈ ఊరు ఎలా ఉండేది? (చర్చ)

మిర్దిఫ్ అమ్మ
అందరికీ నమస్కారం. మా పెద్దదానికి స్కూల్లో "మా ఊరు అప్పుడు, ఇప్పుడు" అని ప్రాజెక్ట్ ఇచ్చారు. దానికి ఊరంటే దుబాయే. మేం వచ్చింది 2016లో. అప్పటికే మెట్రో, బుర్జ్ ఖలీఫా అన్నీ ఉన్నాయి. ముందు నుంచీ ఉన్నవాళ్లు చెప్పండి: ఇళ్లు ఎలా ఉండేవి, ఎలా తిరిగేవారు, కూరగాయలకి, నీళ్లకి ఇబ్బంది ఉండేదా, పండగలు ఎక్కడ చేసుకునేవారు? ఏ ఏడాది వచ్చారో కూడా రాస్తే మేలు.

దేరా బాబాయ్
1983లో వచ్చానమ్మా. మా వైపు వాళ్లందరం బొంబాయి మీదుగానే. నాజర్ స్క్వేర్ వెనక సందులో ఒక గదిలో ఉండేవాళ్లం. ఇప్పుడు బోర్డు మీద బనియాస్ స్క్వేర్ అని ఉంటుంది గానీ మా తరానికి నాజర్ స్క్వేరే. శుక్రవారం వచ్చిందంటే గోదావరి వాళ్లు, కడప వాళ్లు, కరీంనగర్ వాళ్లు అందరూ అక్కడే కలిసేవారు.

ఫోన్ చేద్దామంటే ఖరీదు, ఉత్తరమేమో ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకని క్యాసెట్‌లో మాట్లాడి, ఊరెళ్లేవాడి పెట్టెలో పెట్టేవాళ్లం. మా ఆవిడ పంపిన క్యాసెట్‌లో ఆవిడ మాటల వెనక కోడి కూత, మా అమ్మ దగ్గు, వాకిట్లో ఎవరో చేపల బేరం ఆడటం అన్నీ వినపడేవి. టేపు సాగిపోయేదాకా విన్నాను.

క్రీక్ (ఊరి మధ్యలోకి వచ్చిన సముద్రపు పాయ) దాటాలంటే అబ్రా అనే చిన్న పడవ ఎక్కాలి, యాభై ఫిల్సులు, అంటే అర దిర్హమ్. ఇప్పుడు దిర్హమ్ అయింది. అటు ట్రేడ్ సెంటర్ టవర్ దాటితే ఇక ఇసుకే. ఏమీ ఉండేది కాదు.

మోర్తాడ్ మేస్త్రీ
బాబాయ్, పెద్దవారు, కాని ఆ "ఏమీ ఉండేది కాదు" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ప్రతి ఒక్కరూ ఇదే అంటారు. అటువైపే ఉన్న జెబెల్ అలీ ఓడరేవు 1979లోనే తెరిచారు. దాని పక్కన అల్యూమినియం ఫ్యాక్టరీ కూడా అప్పటిదే. మా నాన్న అటే పని చేశాడు. మరి అక్కడ పని చేసినోళ్లు, క్యాంపుల్లో పడుకున్నోళ్లు మనుషులు కారా? మీరు దేరాలో ఉన్నారు కాబట్టి మీకు కనబడలేదు, అంతే.

నేను వచ్చింది 1997లో. అల్ ఖూజ్‌లో కూలీల క్యాంపు. ఒక్కో గదిలో మూడు అంతస్తుల మంచాలు. కిచెన్‌లో వరుసగా గ్యాస్ పొయ్యిలు, గిన్నె మీద మేకుతో గీకి పేరు రాసుకునేవాళ్లం. పనికి పోయే బస్సుకు ఏసీ లేదు. ఇప్పుడు జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగలు 12:30 నుంచి 3 వరకు ఎండలో పని బంద్ అనే రూల్ ఉంది. అప్పుడు అది లేదు. మధ్యాహ్నం సాక్సులు విప్పి పిండితే నీళ్లు కారేవి.

సత్వా అక్క
మిర్దిఫ్ అమ్మా, నీళ్ల సంగతి అడిగారు కదా. నీళ్లకు కరువు లేదు, సముద్రపు నీళ్లు శుద్ధి చేసి ఇచ్చేవారు. ఇబ్బంది అంతా వేడితోనే. ట్యాంకులు మేడ మీద ఉంటాయి. జులైలో చన్నీళ్ల కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. మేం మే నెలలోనే గీజర్ స్విచ్ ఆపేసేవాళ్లం. లోపల నీడలో ఉన్న గీజర్‌లో నీళ్లు నెమ్మదిగా చల్లారతాయి, వేడినీళ్ల కుళాయి తిప్పి ఆ చల్లటి నీళ్లతో పిల్లలకు స్నానం చేయించేవాళ్లం. ఇప్పటికీ కొత్తగా వచ్చినవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే.

దేరా బాబాయ్
మేస్త్రీ బాబూ, నేను మీ నాన్నగారిని ఏమీ అనలేదు. నేను కళ్లతో చూసింది చెప్పాను. ఆ ట్రేడ్ సెంటర్ రోడ్డు మీద అబూదాబి వెళ్తుంటే రెండు పక్కలా ఒంటెలు అడ్డం వచ్చేవి. మేమేమీ సుఖపడలేదు ఇక్కడ. దుకాణంలో పొద్దున ఎనిమిదికి నిలబడితే రాత్రి పదింటికి కూర్చునేవాళ్లం.

క్యూఎస్ రాజోలు
నేను ఈ ఊళ్లో పునాదుల పని చూసినవాణ్ణి కాబట్టి ఈ విషయంలో నా మాట నమ్మండి. ట్రేడ్ సెంటర్ కూడా 1979లోనే పూర్తయింది, 39 అంతస్తులు. అంటే అటువైపు ఊరు పెరగాలని అప్పుడే నిర్ణయించేశారు. ఇద్దరి మాటా నిజమే: ఇళ్లు లేవు, పని ఉంది.

ఇంకో విషయం. అందరూ చమురు వల్లే ఊరు పెరిగిందంటారు. చమురు పడింది 1966లో. దానికి ముందే, 1959లో, కువైట్ నుంచి అప్పు తెచ్చి క్రీక్‌లో పూడిక తీయించడం మొదలుపెట్టారు. పెద్ద పడవలు లోపలికి రాగలిగాయి కాబట్టి వ్యాపారం నిలబడింది. పాప ప్రాజెక్ట్‌లో ఇది తప్పకుండా రాయించండి.

ఇసుకలో అంత ఎత్తు ఎలా కట్టారని అడుగుతుంటారు. బుర్జ్ ఖలీఫా కింద 192 పైల్స్ (భూమిలోకి దించిన కాంక్రీటు స్తంభాలు) ఉన్నాయి, ఒక్కొక్కటి మీటరున్నర వ్యాసం, 50 మీటర్ల దాకా లోతు. వాటి పైన 3.7 మీటర్ల మందం రాఫ్ట్, అంటే కాంక్రీటు పలక. అక్కడి భూమిలో నీళ్లు సముద్రం కంటే ఉప్పన. స్టీలు తుప్పు పట్టకుండా చూడటమే పెద్ద పని. వేసవిలో కాంక్రీటులో ఐసు కలిపి రాత్రిపూట పోసేవారు.

మోర్తాడ్ మేస్త్రీ
సార్, లెక్కలు బాగున్నాయి. పోసేవారు, కట్టేవారు అంటున్నారు, ఆ పోసినోళ్లు ఎవరో కూడా పాప ప్రాజెక్ట్‌లో రాయించండి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల నుంచి అప్పు చేసి, ఏజెంటుకు పైసలు కట్టి వచ్చినోళ్లు ఉన్నారు. మా ఊళ్లో ఇంటికొకరు ఉన్నారు. ఇంత చేసినా, కుటుంబం లేకుండా ఒంటరిగా ఉన్న మగోళ్లకు సిటీలో ఉందామంటే గది ఇవ్వరు.

కరామా వదిన
గది ఇవ్వకపోవడానికి కారణం కూడా ఉందండీ. మా బిల్డింగ్‌లో ఒక ఫ్లాట్ తీసుకుని, చెక్కలతో పార్టిషన్ కొట్టి, ఇరవై మందిని పెట్టారు. లిఫ్ట్ ఎప్పుడూ నిండే ఉండేది, డ్రైనేజీ పొంగేది, కారిడార్ నిండా చెప్పులే. ఆడపిల్లలున్న ఇల్లు. మా భయం మాకు ఉండదా?

రషీదియా నర్సు
వదినగారూ, డ్రైనేజీ పొంగితే తప్పు ఆ ఇరవై మందిదా, ఇరవై మంచాలకు అద్దె వసూలు చేసినవాడిదా? 2008లో ఇలా చాలామంది కలిసి ఉండే విల్లాలు ఖాళీ చేయించినప్పుడు మా వార్డుకి వచ్చే పేషెంట్లలో కొందరు సామాను బ్యాగుల్లో పెట్టుకుని కార్లలో పడుకునేవారు. వాళ్లందరికీ ఊళ్లో భార్యాపిల్లలున్నారు. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే నెల జీతం 4,000 దిర్హమ్‌లు, లేదా 3,000 ప్లస్ ఇల్లు ఉండాలన్నారు. వాళ్ల జీతాలు అందులో సగం కూడా ఉండేవి కావు. భయం అంటున్నారు, రాత్రి పన్నెండింటికి నేను డ్యూటీ నుంచి దిగితే వీధి చివరిదాకా తోడొచ్చింది అలాంటి గదుల్లో ఉన్న మన అన్నదమ్ములే.

కరామా వదిన
నేను మనుషుల్ని తక్కువ చేసి మాట్లాడలేదు. నా మాటలకు లేని అర్థాలు తీయకండి. నాకూ ఇద్దరు తమ్ముళ్లు అలాగే బెడ్‌స్పేస్‌లో (గదిలో ఒక్క మంచం అద్దెకు తీసుకుని) ఉండి పైకొచ్చారు.

నిర్వాహకుడు
దయచేసి ఇద్దరూ ఇక్కడితో ఆపండి. వ్యక్తిగతంగా వెళ్తే పోస్టులు తీసేస్తాను. అడిగిన ప్రశ్నకు రండి. పండగల గురించి ఎవరూ చెప్పలేదు.

మీనా బజార్ పాతమనిషి
బర్ దుబాయ్‌లో అబ్రా దిగి, బట్టల బజారులోంచి నడిస్తే సన్న సందులో శివుడి గుడి ఉండేది, 1958 నుంచీ. శివరాత్రికి క్యూ క్రీక్ ఒడ్డుదాకా వచ్చేది. ఆ సందులో మల్లెదండలు, కొబ్బరికాయలు అమ్మేవారు, నాలుగు అడుగులు వేస్తే మసీదు. 2022 అక్టోబర్‌లో జెబెల్ అలీలో కొత్త గుడి తెరిచారు. తరవాత ఆ శివాలయం కూడా అటే వెళ్లిపోయింది. కొత్తది విశాలంగా, శుభ్రంగా ఉంది, కారు పెట్టుకోవడానికి చోటుంది. అయినా పండగ పూట నాకు ఆ సందే కావాలనిపిస్తుంది. దేరా నుంచి నడిచి, పడవెక్కి వచ్చే కూలీకి జెబెల్ అలీ చాలా దూరం.

దేరా బాబాయ్
నిజం చెప్పారు. నేను ఏటా సంక్రాంతికి అక్కడికే వెళ్లేవాణ్ణి.

క్యూఎస్ రాజోలు
దూరం అంటున్నారు, మెట్రో ఉంది కదా. 2009 సెప్టెంబర్ 9న మొదలైంది. డ్రైవర్ లేని రైలు. మొదటి వారమే ఎక్కాను.

మోర్తాడ్ మేస్త్రీ
2009 అంటే మాకు గుర్తున్నది మెట్రో కాదు సార్. ఆర్థిక మాంద్యంతో క్రేన్లు ఆగిపోయాయి. నేను పని చేసే కంపెనీలో నాలుగు నెలల జీతం ఆగింది. మెస్ వాడు, పాపం, కేరళ ఆయన, ఖాతా రాసుకుని అన్నం పెట్టాడు. ఆ తరువాతే జీతాలు బ్యాంకు ద్వారానే వేయాలని రూల్ గట్టిగా పెట్టారు. నన్నడిగితే ఈ ఊళ్లో వచ్చిన అన్నింటికంటే పెద్ద మార్పు అది. టవర్లు కావు.

రషీదియా నర్సు
అన్నా, ఈ మాట వెయ్యిసార్లు నిజం. మిర్దిఫ్ అమ్మగారూ, ఇది తప్పక రాయించండి.

సత్వా అక్క
2024 ఏప్రిల్ 16 వాన ఎవరూ చెప్పరేం? 1949 నుంచి లెక్కలు రాస్తుంటే అంత వాన ఎప్పుడూ పడలేదట. మా పార్కింగ్‌లో కార్లు కప్పు దాకా మునిగాయి. పై అంతస్తు పాకిస్తానీ కుటుంబం మాకు రొట్టెలు పంపింది, మేం కింది వాచ్‌మన్‌కి అన్నం పంపాం. వాన నీరు పోవడానికి కాలువలు తక్కువ, ట్యాంకర్లు పెట్టి తోడించారు. ఆ తరవాతే 30 బిలియన్ దిర్హమ్‌లతో పెద్ద డ్రైనేజీ పథకం ప్రకటించారు.

మిర్దిఫ్ అమ్మ
అందరికీ చాలా థ్యాంక్స్. ఇవన్నీ పాపకి చదివి వినిపించాను. మేస్త్రీ గారూ, గిన్నె మీద పేరు గీకడం గురించి అది బొమ్మ వేస్తానంది. బాబాయ్ గారూ, ఆ క్యాసెట్లు ఇంకా మీ దగ్గర ఉన్నాయా?

దేరా బాబాయ్
రెండు ఉన్నాయమ్మా. ఆడించే మిషన్ లేదు. ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, కొనుక్కుంటాను.

ఇంటర్నేషనల్ సిటీ వాసి
అందరూ పాత సంగతులు చెప్తున్నారు, నా ఇప్పటి టెన్షన్ వినండి. 2029 సెప్టెంబర్‌లో మెట్రో బ్లూ లైన్ మా ఏరియాకి వస్తుందట. ఇంకా లైన్ పూర్తి కాలేదు, మా ఓనర్ ఆ పేరు చెప్పి ఇప్పుడే అద్దె పెంచమంటున్నాడు. కాంట్రాక్ట్ రెన్యువల్ వచ్చే నెల. రూల్ ప్రకారం ఎంత పెంచవచ్చు, ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి? ఈ మధ్య ఎవరైనా ఇలాంటి కేసు గెలిచారా?

క్యూఎస్ రాజోలు
90 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పాడా?