మోడ్ వేస్తే మైనస్ పోవాలి కదా, మరి |ఎక్స్| = −ఎక్స్ ఏంటి?

ఇంటర్_అమ్మ:
మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. చిన్నప్పుడు నేనే నేర్పాను, మోడ్ (పరమ మూల్యం) గీతల్లో పెడితే మైనస్ ఎగిరిపోతుందని. ఇప్పుడు పుస్తకంలో ఎక్స్ సున్నా కంటే తక్కువైతే |ఎక్స్| = −ఎక్స్ అని ఉంది. "పోవాల్సిన మైనస్ మళ్ళీ వచ్చిందేంటమ్మా" అంటోంది. నిజం చెప్పాలంటే నాకూ అర్థం కాలేదు.

లెక్కల_మాస్టారు:
ఆ "ఎగిరిపోతుంది" అన్న మాటే తిప్పలు పెడుతోందమ్మా. −ఎక్స్ కనబడగానే అది ఋణ సంఖ్యే అనుకుంటాం, కానీ ఎక్స్ బదులు −7 పెట్టి చూడండి, −(−7) అంటే 7 వస్తుంది. ఆ మైనస్ గుర్తు, ఉన్న మైనస్‌ను తిప్పికొట్టడానికి వచ్చింది, అంతే. నేనైతే క్లాసులో నేల మీద సుద్దతో సంఖ్యారేఖ గీసి, సున్నా దగ్గర "ఇల్లు" అని రాసి, ఒకణ్ణి −7 మీద నిలబెట్టి ఇంటికెన్ని అడుగులురా అంటాను. మైనస్ ఏడు అడుగులు అన్నవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు. పరమ మూల్యం అంటే ఆ దూరమే.

బాలానగర్_లేత్:
మా షాపులో ఈ పేరు ఎవరూ వాడరు గానీ రోజూ చేసే పని ఇదే. డ్రాయింగ్‌లో 25 మి.మీ. షాఫ్ట్, ప్లస్ ఆర్ మైనస్ 0.05 అని ఉంటే, 25.04 వచ్చినా 24.96 వచ్చినా పాసే, ఎటు చూసినా తేడా 0.04. కాకపోతే ఒకటి, 25.07 వస్తే మళ్ళీ లేత్ ఎక్కించి కొంచెం తీసేయొచ్చు, 24.93 వస్తే స్క్రాప్‌లోకే. తేడాకి మోడ్ వేస్తే రెండూ 0.07 అనే చూపిస్తుంది, ఏది ఎటు పోయిందో చెప్పదు.

ఎంసెట్_లాంగ్‌టర్మ్:
అన్నా సూపర్. నా తప్పులు కూడా రాసుకోండి. |−7 + 3| కి విడివిడిగా మైనస్‌లు పీకేసి 10 అని రాశా, లోపల లెక్క ముందు చేస్తే |−4|, అంటే 4. ఎక్స్ స్క్వేర్‌కి రూట్ వేస్తే ఎక్స్ అని రాసి ఇంకో మార్కు పోయింది, అది |ఎక్స్|. అన్నిటికంటే ఏడుపొచ్చింది |ఎక్స్ − 3| + |ఎక్స్ − 7| = 4 దగ్గర, కేసులు విడగొట్టి పేజీ నిండా రాశాక తెలిసింది, 3కీ 7కీ మధ్య ఎక్కడ నిలబడ్డా ఆ రెండు దూరాలూ కలిపితే 4 అవుతుందని. అంటే 3 నుంచి 7 దాకా ప్రతి సంఖ్యా జవాబే!

ఇంటర్_అమ్మ:
అయితే |ఎక్స్ − 3| = 5 అంటే 3కి అయిదు దూరంలో ఉన్నవా? మా అమ్మాయి 8 ఒక్కటే రాసింది.

లెక్కల_మాస్టారు:
అవునమ్మా, ఎడమవైపు −2 కూడా ఉంది. ఈ నిలువు గీతలు 1841లో వైర్‌స్ట్రాస్ అనే జర్మన్ గణితవేత్త మొదలుపెట్టారు. ఆయన పక్కన "దూరం" అని కూడా రాసి ఉంటే మనకీ గొడవ ఉండేది కాదు :) పాపకి ఈసారి |ఎక్స్| = −4 ఇచ్చి చూడండి.

ఇంటర్_అమ్మ:
ఇచ్చాను మాస్టారూ. "ఇంటికి మైనస్ నాలుగు అడుగులా?" అని నవ్వి, సాధన లేదు అని రాసింది.