కాన్సస్ సిటీ: నెల్సన్, కెంపర్, శిల్పాల తోట ఒకే రోజులో చూపించడం ఎలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. వచ్చే నెల ఇండియా నుంచి మా అత్తయ్యగారు, మామయ్యగారు వస్తున్నారు. మేముండేది కాన్సస్ సిటీ శివారు ఊరు ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో. కాన్సస్ సిటీలోని నెల్సన్-అట్కిన్స్, కెంపర్ ఆర్ట్ మ్యూజియాలు, నెల్సన్ చుట్టూ ఉన్న శిల్పాల తోట వాళ్లకి చూపించాలని ఉంది. మామయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ఆరేళ్ల బాబు కూడా వస్తాడు. నాకు సెలవు దొరికేది సోమవారం గానీ మంగళవారం గానీ. టిక్కెట్లు ముందే కొనాలా? ఏ వరుసలో తిరగాలి?

జవాబు 1

ముందు ఆ సెలవు మార్చుకోండి. నెల్సన్-అట్కిన్స్‌కి మంగళ, బుధవారాలు సెలవు. కెంపర్‌కి సోమ, మంగళవారాలు. అంటే మంగళవారం వెళ్తే రెండు తలుపులూ మూసే ఉంటాయి. రెండూ తెరిచి ఉండేది గురువారం నుంచి ఆదివారం దాకా. వేళలు అప్పుడప్పుడూ మారుస్తుంటారు కాబట్టి బయలుదేరే రోజు పొద్దున్న వాళ్ల సైటు ఒకసారి చూసుకోండి.

రెండింటికీ ప్రవేశం ఉచితమే. ప్రత్యేక ప్రదర్శన ఏదైనా నడుస్తుంటే దానికి మాత్రం విడిగా టిక్కెట్ ఉండొచ్చు. నెల్సన్ అండర్‌గ్రౌండ్ పార్కింగ్‌కి మాత్రం సభ్యులు కానివాళ్లు డబ్బు కట్టాలి. చుట్టుపక్కల వీధుల్లో ఊరికే పెట్టుకోవచ్చు గానీ, మోకాళ్ల నొప్పులున్న మనిషితో వెళ్తూ ఆ డబ్బు దగ్గర వెనకాడకండి. గ్యారేజీ నుంచి నేరుగా లోపలికి వెళ్లిపోవచ్చు, బయట నడక తప్పుతుంది. లోపల వీల్‌చెయిర్ అడిగితే ఇస్తారు. “నాకెందుకురా” అని పెద్దవాళ్లు అంటారు, అయినా తీసుకోండి. నెల్సన్‌లో 2007లో తెరిచిన కొత్త భాగం, బ్లాక్ (Bloch) బిల్డింగ్, నేల వాలు వెంట అంచెలంచెలుగా కిందికి దిగుతుంది. వెళ్లేటప్పుడు హాయిగానే ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు అదంతా ఎక్కాలి. మోకాళ్లు మొరాయించేది అక్కడే.

జవాబు 2

వరుస ఇలా పెట్టుకోండి: పొద్దున్నే తోట, ఎండ ముదిరాక మ్యూజియం, ఓపిక మిగిలితే కెంపర్. తోట సుమారు 22 ఎకరాలు, పెద్ద చెట్లు అంచుల్లో ఉన్నా నడిమి పచ్చిక మీద నీడ ఉండదు. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం అక్కడ నిలబడలేరు. మ్యూజియం మూసిన రోజుల్లో కూడా తోటలోకి వెళ్లొచ్చు. సోమవారం నెల్సన్ తెరిచే ఉంటుంది కాబట్టి మీ సోమవారం సెలవు మారకపోయినా తోట, నెల్సన్ రెండూ అయిపోతాయి, కెంపర్ ఒక్కటే మిగులుతుంది.

పచ్చిక మీదున్న పెద్ద షటిల్‌కాక్‌లు బాబుకి నచ్చి తీరతాయి. ఓల్డెన్‌బర్గ్, వాన్ బ్రూగెన్ దంపతులు చేసినవి, 1994లో పెట్టారు. మొత్తం నాలుగు, ఒక్కోటి దాదాపు 18 అడుగుల ఎత్తు, 5,500 పౌన్ల బరువు. మ్యూజియం భవనాన్నే నెట్‌గా ఊహించుకుని కాక్‌లు అటూ ఇటూ పడినట్టు అమర్చారు. దక్షిణం వైపు మూడే కనిపిస్తాయి. నాలుగోది భవనానికి ఉత్తరాన ఉంటుంది, చాలామంది దాన్ని చూడకుండానే వెళ్లిపోతారు. ఆటలో వాడే ఈకల కాక్‌కి 16 ఈకలుంటాయి కదా, ఇక్కడ ఎన్నున్నాయో బాబుని లెక్కపెట్టమనండి. ఎక్కనివ్వొద్దు.

గాజు గోడల చిక్కుదారి (రాబర్ట్ మోరిస్ చేసినది) దగ్గర బాబు చెయ్యి వదలకండి. గోడలు 7 అడుగుల ఎత్తు, ఎక్కడ గాజో ఎక్కడ ఖాళీయో ఎండలో తెలియదు. పరుగెత్తితే నుదురు బొప్పి కడుతుంది. గోడ నేలను తాకే అంచు చూసుకుంటూ, ఒక చెయ్యి ముందుకు చాపి నడవాలి. మామయ్యగారిని బయట కూర్చోబెట్టడమే మంచిది.

మళ్లీ అడిగినది

చాలా థాంక్సండీ. మామయ్యగారికి దైవభక్తి ఎక్కువ. మోడరన్ ఆర్ట్ అంటే “ఏముందమ్మా ఇందులో” అంటారు. ఆయనకు నచ్చేవి ఉంటాయా?

జవాబు 3

ఉంటాయండీ. ఆయన్ని ముందు నెల్సన్‌లోని దక్షిణాసియా విభాగానికే తీసుకెళ్లండి, కాళ్లలో ఓపిక ఉన్నప్పుడే. చోళుల కాలపు కారైక్కాల్ అమ్మయ్యార్ కంచు విగ్రహం ఈ మ్యూజియందే. తమిళుల 63 మంది నాయనార్లలో, అంటే శివభక్తుల్లో, ఆమె ఒకరు. అందం వద్దు, నీ గణాల్లో ఒక ప్రేతంలా ఉంటే చాలని శివుణ్ణి వేడుకుందంటారు. విగ్రహం చిన్నదే, గబగబా నడిస్తే దాటిపోతారు. దగ్గరగా నిలబడి చూడండి: మెడ ఎముకలు పైకి తేలి ఉంటాయి, ఒళ్లంతా ఎండిపోయి ఉంటుంది, చేతుల్లో తాళాలు. అంత బక్కచిక్కిన ముఖంలో ఆ నవ్వు చూశాక మామయ్యగారు అక్కణ్ణుంచి త్వరగా కదలరు.

అక్కణ్ణుంచి చైనా విభాగంలోని గుడి గదికి వెళ్లండి. అక్కడ రంగులు వేసిన పెద్ద కొయ్య విగ్రహం, గ్వాన్‌యిన్, అంటే మన బౌద్ధుల అవలోకితేశ్వరుడే. ఒక మోకాలు పైకి మడిచి, చెయ్యి దాని మీద ఆనించి రాజసంగా కూర్చుంటాడు. వెనక గోడంతా కుడ్యచిత్రం.

రెండు జాగ్రత్తలు. దణ్ణం పెట్టుకోవచ్చు గానీ పాదాలు తాకి కళ్లకద్దుకోకూడదు. అలవాటు కొద్దీ పెద్దవాళ్ల చెయ్యి ముందుకు వెళ్తుంది, ముందే చెప్పి ఉంచండి. చేతి చెమటలోని ఉప్పు కంచుని తినేస్తుంది, తోటలోని విగ్రహాలకైనా అంతే. రెండోది, రాజస్థానీ, పహాడీ సూక్ష్మచిత్రాల వంటివి వెలుతురికి వెలిసిపోతాయి. అందుకే మ్యూజియాల్లో వాటిని మసక వెలుతురులో, సుమారు 50 లక్స్ (వెలుతురు కొలమానం) దగ్గర, కొన్నాళ్లే పెట్టి మార్చేస్తారు. ఫలానా బొమ్మ కోసమే వెళ్తుంటే అది ప్రస్తుతం ప్రదర్శనలో ఉందో లేదో సైటులో చూసుకోండి. అమ్మయ్యార్ విషయంలోనూ చూసుకోవడం మంచిది.

జవాబు 1 ఇచ్చినవారు

ఒకటి మరిచాను. బ్యాక్‌ప్యాక్ వీపుకి తగిలించుకుని తిరగనివ్వరు, వెనక్కి తిరిగినప్పుడు బొమ్మలకు తగులుతుందని. పెద్ద సంచులు కారులోనే వదిలేయండి. ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీసుకోవచ్చు, సెల్ఫీ స్టిక్ వద్దు. పులిహోర డబ్బా తోటలో పచ్చిక మీద తినండి, లోపల కుదరదు.

కెంపర్ చిన్నది, నెల్సన్ నుంచి పది నిమిషాల నడక కూడా ఉండదు, అయినా కారులోనే వెళ్లండి. బయట లూయీ బూర్జ్వా చేసిన పెద్ద సాలీడు ఉంటుంది. గోడ మీద దాని పిల్ల కూడా ఉంది, బాబుని వెతకమనండి. ముప్పావు గంట చాలు.

ఇదంతా ఒక రోజుకి ఎక్కువనిపిస్తే కెంపర్ వదిలేసి, మరో సాయంత్రం మీ ఇంటి దగ్గరే ఉన్న నెర్మన్ మ్యూజియంకి వెళ్లండి. జాన్సన్ కౌంటీ కమ్యూనిటీ కాలేజీలో ఉంది, ప్రవేశమూ పార్కింగూ రెండూ ఉచితం. గుమ్మం పైకప్పులో లియో విల్లారియల్ అమర్చిన దీపాలు చీకటి పడ్డాకే బాగుంటాయి, లోపల చూసేసి సందె వేళకి బయటికి వచ్చేలా వెళ్లండి. సోమవారం సెలవు.